చెల్లెమ్మ డాబా మీద కానాగంతలు

సముద్రంలో చేపకు ఈతను, నిప్పుకు వేడిని, మనిషి నాలుకకు రుచిని ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఎండలు ముదరక ముందే మామిడికి కాయను, పాదుకు దోసను సిద్ధం చేసి పెట్టే తండ్రికి స్తోత్రం. మరణాన్ని గెలిచి లేచిన తర్వాత కూడా ఒడ్డున కూర్చుని బొగ్గులు రాజేసి, వలలు లాగి అలసిపోయిన తన వాళ్ళకు చేపలు కాల్చి పెట్టిన ప్రభువుకు మహిమ. ఆయన మాకు చేసిన మేలు ఒకటి నా నోట్లో దాగడం లేదు, అందుకే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను. కానీ చదివేవాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఇది గెలిచిన సంగతి.

నేను కూర్మన్నపాలెంలో ఉంటాను. స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌ని. మా సంఘ పెద్దల్లో ఒకణ్ణి. మా వైపు ఉన్న పన్నెండు కుటుంబాలం నెలకొక ఇంట్లో, మొదటి శనివారం సాయంత్రం, గృహ ప్రార్థన కూటం పెట్టుకుంటాం. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, ప్రార్థన, ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు పెట్టే భోజనం. ఎవరి వంతు ఏ నెలలో వస్తుందో ఏడాది మొదట్లోనే కాగితం మీద రాసి మందిరంలో అంటిస్తాం.

మొదట్లో భోజనం ఉండేది కాదు. టీ, రస్కులు ఉండేవి. రస్కు టీలో ముంచుకుని, అది గ్లాసులో విరిగి పడిపోతే నవ్వుకుని, ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళం. నాకు ప్రమోషన్ వచ్చిన ఏడాది కృతజ్ఞతగా మటన్ బిర్యానీ పెట్టాను. అది దేవుని మీద కృతజ్ఞతే, అబద్ధం కాదు. కానీ వడ్డిస్తున్నప్పుడు నేను ఎవరెవరి ముఖాల వైపు చూశానో నాకు తెలుసు, దేవునికీ తెలుసు. మరుసటి నెల ఇంకో ఇంట్లో బిర్యానీకి తోడు రొయ్యల వేపుడు పెట్టారు. ఆ తర్వాత మా సంఘ పెద్దాయన వంతు వచ్చింది. ఆయన ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, చెయ్యి పెద్దది, మనసూ మంచిదే. రెండు రకాల మాంసాలు, వంజరం చేప ముక్కలు, చివర్లో ఐస్‌క్రీమ్ పెట్టి, వీధిలో షామియానా కూడా వేయించారు. ఆయన తర్వాత వంతు వచ్చినవాళ్ళు నెల ముందు నుంచే దిగులు పడటం మొదలుపెట్టారు. ఒకాయన తన వంతు నెలలో ఊరు వెళ్ళాడు. ఇంకొకాయన ఇంట్లో ఒంట్లో బాగాలేదన్నారు. ప్రార్థన చేసి మరీ వాళ్ళ ఆరోగ్యం కోరుకున్నాం గానీ, అది ఏ జబ్బో మాకు తట్టలేదు.

ఆ పన్నెండు కుటుంబాల్లో అందరికంటే చిన్నవాళ్ళు ఒక జంట. అబ్బాయి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్తాడు. వాళ్ళది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. అమ్మాయి సముద్రం ఒడ్డు పల్లెలో, వేటకెళ్ళే ఇంట్లో పుట్టింది. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఆమె తల్లి ఇప్పటికీ గంగమ్మకు మొక్కే మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతుంది. ఆవిడ మొక్కు ఆవిడది, కూతురి ప్రార్థన కూతురిది, ఆ విషయంలో వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ మాట రాలేదు. ఆ అమ్మాయిని మేమంతా చెల్లెమ్మ అంటాం. కిందటేడు ఆమెకు కడుపు పోయినప్పుడు మా కూటంలోని ఆడవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి పక్కన కూర్చున్నారు. మా ఆవిడ వారం రోజులు గంజి కాచి పట్టుకెళ్ళింది. ఈ వైపు చెల్లెమ్మకు చుట్టాలంటే మేమే.

అలాంటిది, మే నెల వంతు వాళ్ళది అనగా, ఏప్రిల్‌లో రెండు ఆదివారాలు వాళ్ళు మందిరానికి రాలేదు. మా ఆవిడ ఫోన్ చేస్తే చెల్లెమ్మ చెప్పిందట, "మా వంతు ఒగ్గేయండి అక్కా. మేం గాజువాక సైడు వేరే కూటానికి పోదామనుకుంటన్నాం." ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నాతో ఒకటే మాట అంది. "ఈ వంతుకి ఆ పిల్ల తలుపు తియ్యకపోతే ఇంక మన ముఖం చూడదు."

ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఒక మేడ మీద ఒంటి గది, దాని ముందు ఖాళీ డాబా. డాబా గోడ పక్కన పాత పెయింటు డబ్బాల్లో మట్టి పోసి దోస పాదు, టమాటా, కొత్తిమీర, పుదీనా పెంచుతోంది. దోస తీగ నీళ్ళ ట్యాంకు మీదికి పాకింది. మమ్మల్ని చూసి చెల్లెమ్మ చాప వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు.

మా ఆవిడే మొదలుపెట్టింది. "ఏటే, మా మీద అలిగినావా?"

"అలక ఏటుంది అక్కా. ఒక పొయ్యి, ఒక కుక్కరు. అందులో ఎంతమందికని వండుతాను?"

"నువ్వు ఏటి పెడితే అదే తింటాం."

"అందరూ అలగే అంటారు. పై వీధి అన్నయ్య వాళ్ళింట్లో ఒక్క కూరే పెట్టినప్పుడు గేటు బయటికొచ్చాక ఏటన్నారో నాను విన్నాను. 'ఉపవాస ప్రార్థన అని ముందే సెప్తే మధ్యాహ్నం కాస్త ఎక్కువ తిని వచ్చీవాళ్ళం గదా' అన్నారు. అందరూ నవ్వినారు. ఆ అన్నయ్య వాళ్ళు మళ్ళీ కూటానికి వచ్చినారా?"

రాలేదు. ఫిబ్రవరి నుంచి రాలేదు. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ మాట అన్నది ఎవరో కాదు.

"అది అన్నది నానే చెల్లెమ్మా" అన్నాను.

"తెలుసు అన్నయ్యా. అందుకే మీ ముందే సెప్తన్నాను."

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ. ఇరవై ఏళ్ళుగా మందిరంలో ప్రసంగానికి పులపిటం ఎక్కి నాలుకను అదుపులో పెట్టుకోవాలని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేను. ఒక నవ్వు కోసం ఒక కుటుంబాన్ని వెళ్ళగొట్టాను, రెండో కుటుంబం మూట కట్టుకుంటోంది. ఆ చాప మీదే తల వంచి మనసులో క్షమించమని అడిగాను. ఎక్కువసేపు కాదు, ఎందుకంటే నేను అడగాల్సిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

"నన్ను క్షమించు తల్లీ" అన్నాను.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మీరు అలగ అనకండి అన్నయ్యా, నాకు బాగోదు" అంది. కాసేపటికి తనే అడిగింది. "మాకు సేతనైంది ఒకటుంది. మా అమ్మ కానాగంతలు తెత్తాది. వేటకెళ్ళిన పడవ మీద కాల్చుకుని తింటారు సూడండి, అలగ ఈ డాబా మీద కాల్చి పెట్టగలను. పొయ్యితో పని లేదు, నూనెతో పని లేదు. పక్కకి దోసకాయ, మామిడికాయ కోస్తాను. కానీ కానాగంతలు పెడితే పెద్దాయన తింటారా?"

ఈ ఊళ్ళో పుట్టనివాళ్ళకు ఆ ప్రశ్న బరువు తెలియదు. కానాగంత జానెడు చేప. వీపు మీద నీలం ఆకుపచ్చ చారలు, కడుపు వెండిలా ఉంటుంది. వలకు ఎక్కువగా పడుతుంది కాబట్టి చౌక. చౌక కాబట్టి చుట్టాలొస్తే ఎవరూ పెట్టరు. వంజరం, చందువా పెడతారు, కానాగంతలు తమకు వండుకుంటారు. కూటానికి కానాగంతలు పెట్టిన ఇల్లు మాలో ఇంతవరకూ లేదు.

"పెద్దాయన సంగతి నాకొదిలెయ్యి. నిప్పు దగ్గర నేను నిలబడతాను" అన్నాను. జీవితంలో ఒక్క చేపనైనా కాల్చినవాణ్ణి కాదు. విశ్వాసం అంటే అదేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఇనుము సంగతి మాత్రం నాకు తెలుసు. పాత ఇనుము కొట్లో సన్న చువ్వలు, రెండు యాంగిల్ ముక్కలు ఏరుకొచ్చి, తెలిసిన వెల్డింగ్ షాపులో కూర్చుని జాలీ చేశాను. రెండు మూరల పొడవు, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు. మామూలు తీగ జల్లెడ ఎందుకు కొనలేదని మా ఆవిడ అడిగితే, దాని మీద జింకు పూత ఉంటుందని, నిప్పు మీద పెడితే ఆ పొగ మనిషికి మంచిది కాదని చెప్పాను. "సేప మీద లేని తెలివి ఇనుము మీద ఉంది" అంది ఆవిడ.

ఆ మాట వారం తిరక్కుండానే నిజమైంది. కూటానికి ముందు శనివారం మా పెరట్లో ఒకసారి కాల్చి చూద్దామనుకున్నాం. చెల్లెమ్మ తల్లి ఆటో దిగి చేపలు పట్టుకొచ్చింది. నా వయసు మనిషి, అక్కా అని పిలిచాను. ఆవిడ నా జాలీ చేత్తో తట్టి చూసి, "పడవ లంగరు సేసినావేటి బాబూ" అంది.

బొగ్గులు రాజేసి, నాలుగు చేపలు జాలీ మీద వేశాను. మా ఇంట్లో ప్రార్థన చెయ్యకుండా తిండి ముట్టుకోం. చేపలు కాలే లోపు ఆ పని అయిపోతుందని అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. నాకు ప్రార్థనలో ఒక అలవాటు ఉంది, మా కూటంలో అందరూ ఎరిగినదే. ఆహారం కోసం మొదలుపెడతాను. ఆహారం పండించినవాళ్ళు గుర్తొస్తారు, వాళ్ళ మీద వాన గుర్తొస్తుంది. ఆ రోజు చేపలు కాబట్టి వేటకెళ్ళినవాళ్ళు, నేవీలో ఉన్నవాళ్ళు, పోర్టులో ఓడలు దింపేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసిన పిల్లలు, అందరూ వచ్చారు. మధ్యలో వాసన వచ్చింది. చేప కాలుతోంది అనుకున్నాను. వాసన ఘాటెక్కింది. బాగా కాలుతోంది అనుకుని ప్లాంటు కోసం మొదలుపెట్టాను.

ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి జాలీ మీద నాలుగు నల్లటి కర్రలు ఉన్నాయి. చెల్లెమ్మ తల్లి ఒక్కతే కళ్ళు తెరుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని వాటినే చూస్తూ నిలబడి ఉంది.

"అక్కా, సూస్తానే ఉన్నావు గదా, తిప్పొచ్చు గదా" అన్నాను.

"నువ్వు మీ దేవుడితో మాటాడతన్నావు. మద్దిలో నానెలగ దూరతాను బాబూ?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెమ్మ పళ్ళ బిగువున ఆపుకుని, ఆపుకోలేక, పెరటి మెట్టు మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో. మాడిన నాలుగు చేపలకూ ఆ క్షణంలోనే స్తోత్రం చెప్పాను.

అప్పుడు ఆ తల్లి నాకు పని నేర్పింది. చేపను కోసి కడిగాక ఉప్పు నీళ్ళతో ఒకసారి తుడవాలి. తర్వాత పాత గుడ్డతో తడి లేకుండా ఒత్తాలి. తడి ఉంటే చేప కాలదు, ఉడుకుతుంది, తోలు ఇనుముకు అంటుకుపోతుంది. రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టాలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు, పసుపు కచ్చాపచ్చాగా దంచి గాట్లలోకి రుద్దాలి. కడుపులో కరివేపాకు రెబ్బ పెట్టాలి. బొగ్గులు సరుగుడువి అయితే మంచిది. మంట ఉండగా చేప వెయ్యకూడదు, బొగ్గు మీద తెల్ల బూడిద కమ్మాక వెయ్యాలి. జాలీ ముందే కాలి ఉండాలి. నూనె రాయక్కర్లేదు, కానాగంతలో దాని కొవ్వు దానికే సరిపోతుంది. ఆ కొవ్వు కారి మంట లేస్తే కరివేపాకు మండతో ఉప్పు నీళ్ళు చిలకరించాలి.

ఇంత వరకూ నాకు బాగానే ఎక్కింది. కానీ ఫిట్టర్ చెయ్యి ఊరుకోదు. ప్రతి నిమిషానికీ చువ్వతో చేప అంచు లేపి చూస్తున్నాను. ఆవిడ కొబ్బరి పుల్లతో నా వేళ్ళ మీద ఒకటి ఇచ్చింది.

"కదపకు. అంటుకుపోనాదని లాగీకు. కాలిపోనాక అదే ఒగ్గేస్తాది."

"ఎలగ తెలుస్తాది అక్కా?"

"బేగి తెలీదు. ఊరుకుంటే తెలుస్తాది."

ఊరుకున్నాను. నాకు అది కష్టమైన పని. నాలుగైదు నిమిషాల తర్వాత ఆవిడ తల ఊపింది. చువ్వ కింద పెట్టి లేపితే చేప తోలు చిరగకుండా, చారలు చారలుగా కాలి, తనంతట తాను లేచి వచ్చింది. ఒక్కసారే తిప్పాం. రెండో పక్క ఇంకొంచెం తక్కువసేపు. నిమ్మకాయ పిండి తిన్నాం. నేను ఇంత వయసు వచ్చేదాకా కానాగంతను పులుసులోనే ఎరుగుదును. నిప్పు మీద అది వేరే చేప.

మే మొదటి శనివారం వచ్చింది. అప్పటికి మర పడవలకు వేట నిషేధం నడుస్తోంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. చిన్న పడవలు మాత్రమే వెళ్తున్నాయి. చెల్లెమ్మ వాళ్ళ అన్నది చిన్న పడవే. శుక్రవారం గాలి ఎక్కువగా ఉండి అతను వెళ్ళలేదు. శనివారం పొద్దున వెళ్ళాడని కబురొచ్చింది, వల పడిందో లేదో తెలియదు. చెల్లెమ్మ ఆ పూటంతా వీధి వైపు చూస్తూనే దోసకాయలు కోసింది. మధ్యాహ్నం మూడింటికి ఆటో ఆగింది. తల్లి దిగింది, వెనక పెద్ద సత్తు బేసిన్, అందులో ఐసు, ఐసు మధ్య కానాగంతలు కన్నుల్లో మెరుపు పోకుండా ఉన్నాయి.

"ఏటలగ నిలబడిపోనావు? బేసిన్ అందుకో" అంది తల్లి. చెల్లెమ్మ రెండు చేతులా అందుకుంది.

చేపలు తుడవడం తల్లిది, గాట్లు పెట్టడం నాది. చెల్లెమ్మ పక్కకు కూర సిద్ధం చేసింది. అది కూర కాదు, దానికి నిప్పు తగలదు. పాదు మీది దోసకాయలు చక్రాలుగా, పుల్ల మామిడికాయ సన్న తురుముగా, ఉల్లిపాయ నీళ్ళలో వేసి తీసినది, టమాటా, పుదీనా, కొత్తిమీర, కాస్త ఉప్పు, చిటికెడు కారం. అన్నీ కలపకుండా విడివిడిగా ఉంచి, తడిగుడ్డ కప్పింది. "ఇప్పుడే కలిపీస్తే నీరు కారిపోద్ది" అంది. తల్లికి నిప్పు ఎంత తెలుసో కూతురికి కత్తి అంత తెలుసు.

ఎండ తగ్గాక జనం వచ్చారు. డాబా నిండిపోయింది. సముద్రం వైపు నుంచి గాలి కూడా వచ్చింది. చివరగా పెద్దాయన, వాళ్ళావిడ మెట్లెక్కి వచ్చారు. పెద్దాయన చేతిలో నాలుగు గిన్నెల స్టీల్ క్యారేజీ ఉంది.

"చిన్నపిల్లలు, ఏం ఇబ్బంది పడతారోనని మా ఇంట్లో కాస్త మటన్ వండించి తెచ్చాను" అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే అది గుచ్చుకుంది.

చెల్లెమ్మ చేతిలో కత్తి, దాని మీద మామిడి తురుము అలాగే ఉండిపోయాయి. ఆమె భర్త తల దించుకున్నాడు. నాకు తెలుసు, ఆ క్యారేజీ మూత తీస్తే ఈ ఇంటి వంతు అక్కడితో అయిపోయినట్టే. అందరూ మటన్ వైపు చెయ్యి చాపుతారు, కానాగంతలు మర్యాదకు ఒక ముక్క తుంచుతారు. వచ్చే నెల నుంచి ఈ పిల్ల గాజువాక కూటానికి వెళ్తుంది. నేను అడ్డం వెళ్దామని లేచాను. నా కంటే ముందు తల్లి నోరు లేచింది.

"ఇంటికి పిలిసినోలకి తిండి పెట్టుకోలేనోలమేటి మేం?"

"అమ్మా, నువ్వు ఊరుకో" అంది చెల్లెమ్మ. కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని పెద్దాయన దగ్గరికి వచ్చింది. క్యారేజీ అందుకుంది. రెండు చేతులా పట్టుకుని, మళ్ళీ వాళ్ళావిడ చేతికే ఇచ్చింది.

"అయ్యా, మా మీద అభిమానంతో తెచ్చినారు. ఇది రేపు మీ ఇంట్లో తినండి. ఇవాళ మా వంతు."

నాకు తెలిసిన పులపిటం మాటలన్నీ కలిపినా అంత చక్కగా లేవు. పెద్దాయన ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా నవ్వి, "సరేనమ్మా. మరి నీ వంతు ఏం పెడతావో చూద్దాం" అని చాప మీద కూర్చున్నారు.

పాటలు అయ్యాయి, వాక్యం అయింది. భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ పెద్దాయనదే. ఆయన ప్రార్థన నా ప్రార్థనకు అన్న లాంటిది. నేను ప్లాంటుతో ఆపుతాను, ఆయన దేశాలు దాటుతారు. ఆయన లేవబోతుంటే, బేసిన్‌లో పచ్చి చేపలను చూపించి, "అయ్యా, ఇప్పుడే ప్రార్థించండి. నిప్పు మీద వేశాక చేప ఆగదు" అన్నాను.

"వండకుండానే కృతజ్ఞతా? పచ్చి చేపల మీదా?" అన్నారాయన.

చెల్లెమ్మే చెప్పింది. "మా పల్లెలో పడవ ఒడ్డుకి రాగానే మా అమ్మ వాళ్ళు చేపకి దండం పెడతారు అయ్యా. వండేదాకా ఆగరు. వచ్చినప్పుడే వచ్చినట్టు."

పెద్దాయన గడ్డం నిమురుకున్నారు. "దేవుడు ఇచ్చినప్పుడే చెప్పాలంటావు. నిజమే" అని, లేచి, పచ్చి కానాగంతల మీద చేతులు చాపి మొదలుపెట్టారు.

ఆయన చెయ్యాల్సినంత చేశారు. ఆయన మూడో దేశంలో ఉండగా నేను ఒక కన్ను తెరిచి చూశాను. నిప్పు పక్కన చెల్లెమ్మ తల్లి కూర్చుని బొగ్గుల మీద విసనకర్ర విసురుతోంది. ఆయన ప్రార్థన ఎంత సాగితే బొగ్గులు అంత తెల్లబడుతున్నాయి. ఆయన ఆమేన్ అనేసరికి ఎర్రటి బొగ్గు మీద సన్నటి బూడిద, జాలీ కాలి, గాలి కూడా తగ్గి ఉంది. ఆవిడ నా వైపు చూసి, "ఇప్పుడు సరిగ్గా సరిపోనాది. మీ పెద్దాయన్ని రోజూ తీసుకురా బాబూ" అంది.

వరసకు పది చేపలు వేశాను. చురచురమంది. కదపలేదు. అందరూ చుట్టూ మూగి, తిప్పు తిప్పు అంటున్నా కదపలేదు. అవే వదిలాయి. తిప్పాను. తోలు మీద ఇనుప చారలు, గాట్లలోంచి నురగ లాగా కొవ్వు, కరివేపాకు వాసన. అరిటాకు ముక్క మీద ఒక చేప, పక్కన చెల్లెమ్మ అప్పటికప్పుడు కలిపిన దోస, మామిడి, ఉల్లి. అంతే. అన్నం కూడా లేదు. మొదటి ఆకు ఆమె తన చేత్తో పెద్దాయన ముందు పెట్టింది.

ఆయన వెన్ను దగ్గర బొటనవేలితో ఒత్తారు. చేప రెండుగా విచ్చుకుని ముల్లు మొత్తం ఒక దువ్వెనలా లేచి వచ్చింది. వేడికి వేళ్ళు ఊదుకుంటూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. వెంటనే మామిడి, దోస. డాబా మీద ఆయన నమిలే చప్పుడు వినిపించింది. రెండో పక్క తిన్నారు. తల చీకారు. ఆకు ముందుకు జరిపారు.

"ఇంకోటి ఉందా అమ్మా?"

"అయ్యోరు కానాగంత తినరన్నారు మరి" అంది తల్లి, నిప్పు దగ్గర నుంచి.

"ఎవరన్నారు?"

"మీ బంగళా గేటు దగ్గిర నాలుగేళ్ళు అరిసినాను. ఒక్కనాడు కొన్నారేటి?"

డాబా అంతా ఘొల్లుమంది. పెద్దాయన అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ వడ్డించమని అడగలేదు. ఆకులు పట్టుకుని నిప్పు దగ్గరికే వచ్చారు. ఆఫీసరు, కాంట్రాక్టు కార్మికుడు, టీచరు, డ్రైవరు, ఒకే జాలీ చుట్టూ వేళ్ళు కాల్చుకుంటూ నిలబడ్డారు. బిర్యానీల కాలంలో మేము వరసల్లో కూర్చుని ఎదుటివాడి పళ్ళెంలో ముక్కలు లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఒకరికి ఒకరం ముళ్ళు తీసి పెట్టుకున్నాం. ఐస్‌క్రీమ్ ఆంటీ అని పిల్లలు పేరు పెట్టిన పెద్దాయన భార్య, చెల్లెమ్మను పక్కకు పిలిచి, ఉల్లిపాయ అంత కరకరలాడటానికి ఏం చేశావని అడిగింది. ఆమె చెప్తూ ఉంటే వింటూ తల ఊపింది. క్యారేజీ మెట్ల దగ్గర మూత తియ్యకుండా అలాగే ఉంది.

నేను ఆ రోజు తిన్నాక సాక్ష్యం చెప్పాను, నిప్పు మసి చేతులతోనే. ఫిబ్రవరిలో ఒక ఇంటి ముందు నేను అన్న మాట అందరి ముందూ ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మరునాడు ఆరాధన అయ్యాక నేనూ మా ఆవిడా పై వీధి తమ్ముడి ఇంటికి వెళ్ళి క్షమించమన్నాం. అతను మాకు కుర్చీలు వేసి, "నిజం సెప్పాలంటే ఆ రోజు కూర సాల్లేదు అన్నయ్యా" అన్నాడు. ఆ నెలలోనే భార్యాభర్తలిద్దరూ తిరిగి కూటానికి వచ్చారు. ఊరు వెళ్ళిపోయేవాళ్ళు ఊళ్ళోనే ఉంటున్నారు. ఒంట్లో బాగుండనివాళ్ళకు నయమైంది. జూన్‌లో పెద్దాయన వంతు. ఆయన ఇంట్లో ఒకటే వంటకం, దాని పక్కన నిప్పు తగలని పచ్చిది ఒకటే పెట్టారు. ఇదే నియమమని ఎవరూ తీర్మానం చెయ్యలేదు, కాగితం మీద రాయలేదు.

చెల్లెమ్మ గాజువాక వెళ్ళలేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, డాబా కడుగుతూ మా ఆవిడను అడిగిందట, "అక్కా, వచ్చే ఏడాది మా వంతు ఇంకొంచెం ముందుకి వేయించగలరా? మే నెల దాకా ఆగలేను."

ఇది దేవుడు గెలిచిన గెలుపు, మాకు పంచి ఇచ్చాడు. చదివిన మీలో ఎవరి ఇంటికైనా వంతు రాబోతోందేమో, తలుపు తియ్యాలా వద్దా అని లోపల కూర్చుని ఆలోచిస్తున్నారేమో నాకు తెలియదు. నాలాగా గేటు దగ్గర నోరు జారినవాళ్ళు కూడా ఉంటారు. అందుకని ఒక్క నిమిషం ఆగి, నాతో కలిసి ఈ ప్రార్థన చెయ్యమని వేడుకుంటున్నాను.

తండ్రీ, మా ఇళ్ళలో ఉన్నది చాలు అని నమ్మే ధైర్యం ఇయ్యి. పిలిచినవాళ్ళ చేతి వంటను సంతోషంగా తినే నోరు ఇయ్యి. తలుపు వెనక నిలబడి సిగ్గుపడుతున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని గడియ తియ్యి. ఈ పూట వేటకు వెళ్ళిన చిన్న పడవలన్నిటినీ ఒడ్డుకు చేర్చు. మీరూ నాతో పాటు అడగండి.